తమ్ముడు బోటు ప్రమాదం నుంచి బతికి బయటపడ్డాడు, కానీ ఏడాదైనా తేరుకోలేదు. ఇది పీటీఎస్‌డీ అనే, ఘోర ప్రమాదం తరువాత మనసుకు పట్టే జబ్బేనా?

వశిష్ఠ_ఒడ్డు

మాది సఖినేటిపల్లి మండలం. మా తమ్ముడు మీసాలు రాకముందు నుంచే వేటకు వెళ్తున్నవాడు. కిందటి ఏడాది వేట నిషేధం ముగిసిన కొత్తలో, అంతర్వేది దగ్గర గోదావరి సముద్రంలో కలిసే అన్నాచెల్లెళ్ల గట్టు దాటుతుండగా వాళ్ళ బోటు ఆ మొగలోనే కెరటానికి తిరగబడింది. తమ్ముడూ, మరికొందరూ ఈదుకుంటూ ఒడ్డెక్కారు. చిన్నప్పటి నుంచి వాడితో కలిసి పెరిగిన కుర్రాడు ఎక్కలేకపోయాడు. ఒంటి మీది దెబ్బలు త్వరగానే మానాయి కనుక గండం గడిచిందని ఇంటిల్లిపాదీ అనుకున్నాం.

గండం గడవలేదు. వేట మానేశాడు. వేరే పని దొరక్క రొయ్యల చెరువు దగ్గర రాత్రి కాపలాకు కుదిరాడు. ఏరియేటర్లు తిరగడం మొదలుపెట్టి, వాటి రెక్కలు నీళ్ళను కొట్టే చప్పుడు వినిపించగానే మెడ బిగుసుకుపోతుందట. షెడ్డు గుంజను రెండు చేతులా పట్టుకుని చాలాసేపు అలాగే నిలబడిపోతాడని తోటి కాపలాదారు చెప్పాడు. నరసాపురంలో పని పడితే, ఇంటికి దగ్గరలో గోదావరి దాటించే పంటు ఎక్కకుండా దిండి మీదుగా చించినాడ వంతెన చుట్టూ తిరిగి వెళ్తాడు. చనిపోయిన కుర్రాడి ఇల్లు ఉన్న వీధిలో అడుగు పెట్టడు. నిద్రలో కేకలు వేస్తాడు. పిల్లల మీద ఊరికే విరుచుకుపడతాడు, తరువాత తనే కుమిలిపోతాడు.

గాలి సోకిందని అమ్మ తాయెత్తు కట్టించింది. మగాడివై పుట్టి నీళ్ళకు భయపడతావేమిట్రా అని బాబాయి నలుగురిలో దెప్పాడు. ఊళ్ళో మందులిచ్చే ఆయన నిద్రమాత్రలు రాసి చేతులు దులుపుకున్నాడు. నేను చదివినంతలో ఇది పీటీఎస్‌డీలా కనిపిస్తోంది. అది యుద్ధానికి వెళ్ళిన సైనికులకు వచ్చే జబ్బు కదా అని మా బావగారు అంటున్నారు. తెలిసినవారు చెప్పండి. ఎవరి దగ్గరకు తీసుకువెళ్ళాలి?

కొబ్బరితోట_రాజు

అమ్మా, మీ బాధ అర్థమవుతోంది. అయినా ఒక మాట అడగాలి. 1986 ఆగస్టులో గోదావరికి వచ్చిన వరద మా నాన్నగారు చూశారు. 1996 నవంబరు 6 రాత్రి తుపానుకు కోనసీమలో తోటలకు తోటలు నేలమట్టమైతే నేను చూశాను. అప్పుడు ఎవరికీ ఈ పేరుతో జబ్బు రాలేదు. జనం ఏడ్చారు, దులుపుకుని లేచారు, మళ్ళీ మొక్కలు నాటుకున్నారు. ప్రతి దుఃఖానికీ ఒక జబ్బు పేరు తగిలిస్తే మనిషిలో ఉన్న గట్టిదనం కూడా పోతుందేమోనని నా అనుమానం.

భైరవపాలెం_బిడ్డ

రాజు గారూ, ఎవరికీ రాలేదని మీకు ఎవరు చెప్పారు? మా నాన్న ఆ తుపానుకు రెండు రోజుల ముందు వేటకు వెళ్ళారు. శవం దొరకలేదు. దొరకలేదు కనుక మా అమ్మ బొట్టు తీయలేదు, గాజులు పగలగొట్టలేదు. ప్రతి సాయంత్రం అన్నం గిన్నెలో ఒకరికి సరిపడా అట్టిపెట్టి, పొద్దున్నే దాన్ని చద్దన్నంగా తనే తినేది. గాలి హోరు పెరిగిన రాత్రి మా ముగ్గురినీ లేపి, చీర కొంగుతో నడుములకు కలిపి కట్టి కూర్చోబెట్టేది. మేము పెద్దవాళ్ళమై పెళ్ళిళ్ళయ్యాక కూడా వాయుగుండం కబురు టీవీలో వస్తే అమ్మకు అన్నం సహించేది కాదు. ఊళ్ళో అందరూ ఆమెను పిచ్చిది అనేవారు తప్ప ఆసుపత్రికి తీసుకువెళ్ళమని ఒక్కరూ చెప్పలేదు.

కొబ్బరితోట_రాజు

క్షమించండి. మీ అమ్మగారి సంగతి చదివాక వాదించడానికి మనసు రావడం లేదు. అయినా ఆమెకు జరిగినది అందరికీ జరగలేదు కదా, ఆ తేడా ఎందుకన్నది తెలుసుకోవాలని ఉంది.

కాకినాడ_పీజీ

నేను మనోవైద్యంలో పీజీ చేస్తున్నాను. వశిష్ఠ_ఒడ్డు గారి తమ్ముడిని చూడకుండా ఇక్కడ రోగ నిర్ధారణ చేయడం తప్పు కనుక ఆ పని చేయను. అడిగినవాటికి మాత్రం సమాధానం చెబుతాను.

సైనికులకే వచ్చే జబ్బు అన్న అభిప్రాయానికి చరిత్రలో కారణం ఉంది. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో, 1915లో, చార్లెస్ మయర్స్ అనే వైద్యుడు లాన్సెట్ పత్రికలో షెల్ షాక్ (ఫిరంగి పేలుళ్ళ మధ్య సైనికుల మనసు చెదరడం) గురించి రాశాడు. వియత్నాం యుద్ధం నుంచి తిరిగి వచ్చినవారి ఒత్తిడి వల్లనే, చాలావరకు, 1980లో అమెరికా మనోవైద్యుల సంఘం పీటీఎస్‌డీని తన జాబితాలో చేర్చింది. కానీ మొదటి నుంచీ ఆ నిర్వచనంలో యుద్ధం ఒక్కటే లేదు. ప్రాణం మీదకు వచ్చిన ప్రమాదం, తీవ్రమైన గాయం, లైంగిక హింస, వీటిలో ఏదైనా మనిషి స్వయంగా అనుభవించినా, కళ్ళారా చూసినా అది కారణం కావచ్చు. మొగలో తిరగబడిన బోటు ఈ లెక్కలోకి నిస్సందేహంగా వస్తుంది.

లక్షణాలను నాలుగు వైపుల నుంచి చూస్తాం. జరిగినది పిలవకుండానే కలగా, కళ్ళ ముందు దృశ్యంగా, ఒంట్లో వణుకుగా తిరిగి రావడం మొదటిది. ఏరియేటరు చప్పుడుకు మెడ బిగుసుకుపోవడం అలాంటిదే కావచ్చు. దాన్ని గుర్తుచేసే చోట్లనూ, మనుషులనూ, ఆలోచనలనూ తప్పించుకుని తిరగడం రెండవది. చించినాడ చుట్టు తిరగడం, ఆ వీధి మానేయడం నాకు అలాగే కనిపిస్తున్నాయి. నా వల్లే పోయాడనే నింద, ఏ సంతోషమూ అంటకపోవడం, అయినవారి మధ్య ఉన్నా దూరంగా అనిపించడం మూడవది. ఉలికిపాటు, నిద్రలేమి, చిన్న మాటకే రేగే కోపం నాలుగవది. ఇవి నెల దాటి నిలిచి, పనినీ సంసారాన్నీ దెబ్బతీస్తే అప్పుడు పీటీఎస్‌డీ అంటాం. మొదటి నెలలో ఇలాంటివి చాలామందికి ఉంటాయి, చాలామందికి వాటంతట అవే తగ్గుతాయి. కొందరిలో ఆరు నెలలు గడిచాక గాని పూర్తి లక్షణాలు బయటపడవు. కనుక ఏడాది దాటాక ఉండటం వింత కాదు.

లోపల ఏం జరుగుతుందో కూడా చెబుతాను. ప్రమాదం ఎదురైతే మెదడులో అమిగ్డాలా అనే చిన్న భాగం హెచ్చరిక మోగిస్తుంది. అడ్రినలిన్ ఎగసి గుండె వేగం పెరుగుతుంది, కండరాలు బిగుస్తాయి. ఆ వేగమే మీ తమ్ముడిని ఒడ్డుకు చేర్చింది. వరద వచ్చినప్పుడు లాకు తలుపులు ఎత్తడం ఎంత అవసరమో, వరద తీశాక దించడం కూడా అంతే అవసరం. ఈ జబ్బులో దించే పని సరిగా జరగదు. ఇది ఎప్పుడు, ఎక్కడ జరిగిందో గుర్తుపెట్టుకునే హిప్పోకాంపస్, ఇప్పుడు ప్రమాదం లేదని అదుపు చేయవలసిన ముందు మెదడు, ఈ రెండూ హెచ్చరికను ఆపలేకపోతాయి. అందుకే అతనికి అది పోయిన ఏడాది జరిగిన సంగతిగా కాక, ఈ క్షణాన జరుగుతున్నట్టు ఉంటుంది. నీళ్ళంటే భయమా అని దెప్పితే తగ్గేది కాదిది.

రాజు గారి ప్రశ్నకు: ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం సుమారు 70 శాతం మందికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఇలాంటి తీవ్ర ఘటన ఎదురవుతుంది. వారిలో పీటీఎస్‌డీ వచ్చేది 5.6 శాతం మందికి. కనుక మీరు చూసినవారిలో ఎక్కువమంది లేచి నిలబడ్డారన్నది నిజమే. భైరవపాలెం_బిడ్డ గారి అమ్మగారు ఆ మిగిలిన కొద్దిమందిలో ఒకరై ఉంటారు. ఘటన ఎంత తీవ్రమైనది, అంతకు ముందు మరేవైనా దెబ్బలు తగిలాయా, ఆ తరువాత తోడు ఎవరున్నారు అన్నవి తేడా తెస్తాయి. ఆ చివరిది మన చేతుల్లో ఉన్నది.

కొబ్బరితోట_రాజు

చివరి మాట నాకు నచ్చింది. 1996లో మా వీధిలో పొయ్యి వెలగని ఇల్లు ఉంటే పక్కింటివారు అన్నం పంపేవారు. గోదావరి వాళ్ళం పరామర్శకు వచ్చినవాడిని కూడా భోజనం పెట్టకుండా పంపం, సగం మందు అక్కడే ఉందని నేను ఇప్పటికీ నమ్ముతాను. మాత్రల మీద మాత్రం నాకు ఇంకా గురి కుదరలేదు.

నర్సాపురం_లేసు

పీజీ గారి పోస్టు మా అత్తగారికి చదివి వినిపిస్తే, ఇంత కథ మన ఒంట్లో జరుగుతుందటే అని రెండోసారి చదివించుకున్నారు.

అక్కా, మీ అమ్మగారు కట్టించిన తాయెత్తును విప్పించే ప్రయత్నం చేయకండి. దాని మీద గొడవ మొదలైతే ఆసుపత్రి మాట వెనక్కి పోతుంది. అంతర్వేది నరసింహస్వామికి మొక్కుకోవచ్చు, వైద్యుడినీ కలవచ్చు. కొట్టడం, పస్తులు పెట్టడం, పొగ వేయడం వంటివి ఎవరైనా మొదలుపెడితే మాత్రం ఒక్క క్షణం ఒప్పుకోకండి.

మలికిపురం_ఆడపడుచు

ఇది రాయాలా వద్దా అని చాలాసేపు ఆలోచించాను. నాకు ఒక్క రోజున జరిగిన ప్రమాదం ఏదీ లేదు. గల్ఫ్‌లో ఒక ఇంట్లో పనికి వెళ్ళాను. పాస్‌పోర్టు వాళ్ళ దగ్గరే ఉండేది, రాత్రి నా గదికి బయట నుంచి తాళం వేసేవారు. ఇంకా జరిగినవి ఇక్కడ రాయలేను. తిరిగి వచ్చి ఏళ్ళయింది. ఇప్పటికీ ఇంట్లో కాలింగ్ బెల్ మోగితే అన్నం ముందు నుంచి లేచి నిలబడిపోతాను. అందరూ తిన్నాక వంటింట్లో గట్టు పక్కన నిలబడి తింటేనే నాకు ముద్ద దిగుతుంది. కూర్చుని తినమని మా అమ్మాయి పీట వేస్తే దాని మీద ఏడ్చాను. డబ్బు తెచ్చుకుని ఇల్లు కట్టుకున్నావు, ఇంకేం కావాలి అంటారు అందరూ. నేను దేనికీ పనికిరానిదాన్ని అనే మాట నా లోపల ఆగదు. నాలాంటివాళ్ళకు కూడా ఈ జబ్బు అంటారా?

కాకినాడ_పీజీ

అమ్మా, మీరు రాసినందుకు కృతజ్ఞతలు. రాయలేనివి రాయనవసరం లేదు.

తప్పించుకునే దారి లేకుండా చాలాకాలం సాగిన హింస తరువాత వచ్చే స్థితికి కాంప్లెక్స్ పీటీఎస్‌డీ అని వేరే గుర్తింపు ఉంది. 2022 జనవరి నుంచి అమలులోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ 11వ జబ్బుల వర్గీకరణలో దాన్ని చేర్చారు. పీటీఎస్‌డీ లక్షణాలకు తోడు భావోద్వేగాలు అదుపులో ఉండకపోవడం, తనను తాను పనికిరానిదానిగా చూసుకోవడం, మనుషులకు దగ్గర కాలేకపోవడం అందులో ఉంటాయి. మీ మాటలు చదివితే తప్పకుండా నిపుణులకు చూపించుకోవలసిన స్థితి అనిపిస్తోంది. దీనికి చికిత్స ఉంది, కాస్త ఎక్కువ కాలం పడుతుంది. ముందు భద్రత, నిద్ర, ఒళ్ళు స్థిమితపడటం, ఆ తరువాతే పాత సంగతుల దగ్గరకు వెళ్ళడం అన్న క్రమంలో చాలామంది వైద్యులు నడిపిస్తారు. మహిళా వైద్యురాలు కావాలని అడగడానికి సంకోచించకండి.

నిర్వాహకుడు

ఎవరినీ జరిగినదాని వివరాలు అడగవద్దని సభ్యులకు మనవి. చనిపోవాలనే ఆలోచన వస్తున్నవారు, వారి ఇంట్లోవారు టెలి మానస్ 14416 నంబరుకు ఫోన్ చేయండి. 2022 అక్టోబరు నుంచి కేంద్ర ప్రభుత్వం నడుపుతున్న ఉచిత సేవ ఇది. పగలూ రాత్రీ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు.

రొయ్యల_చెరువు

నాదీ పీటీఎస్‌డీయే అనుకుంటున్నాను. రొయ్యలకు వైట్ స్పాట్ తెగులు తగిలి రెండు పంటలు వరసగా పోయాయి. మేత బాకీ, కరెంటు బాకీ, వడ్డీ. రాత్రి ఫోన్ మోగితే అప్పులవాళ్ళేమోనని ఒళ్ళు చల్లబడుతుంది. బీపీ కూడా మొదలైంది.

కాకినాడ_పీజీ

మీ బాధ చిన్నది కాదు, కానీ అది వేరు. హాన్స్ సెల్యే 1936లో ఒత్తిడి గురించి రాసినప్పటి నుంచి తెలిసినదేమిటంటే, ఒత్తిడి ఎడతెగకుండా సాగితే ఒళ్ళు తట్టుకునే శక్తి కూడా అరిగిపోతుంది. నిద్ర చెడుతుంది, బీపీ పెరగవచ్చు, ఉన్న షుగర్ అదుపు తప్పవచ్చు, తాగుడు పెరుగుతుంది. పీటీఎస్‌డీ అనాలంటే ప్రాణానికో శరీరానికో ప్రమాదం ఎదురై ఉండాలి. పంట నష్టం, అప్పు ఆ నిర్వచనంలోకి రావు. వాటి వల్ల డిప్రెషన్ రావచ్చు. దాన్ని ఇంకో చికిత్సతో నయం చేయాలి. ఈ తేడా చెప్పడం మిమ్మల్ని పక్కన పెట్టడానికి కాదు. బతకడం ఎందుకన్న ఆలోచన ఒక్కసారైనా వచ్చి ఉంటే ఈ రోజే నిర్వాహకుడు ఇచ్చిన నంబరుకు చేయండి.

రొయ్యల_చెరువు

వచ్చింది. చేస్తాను.

నర్సాపురం_లేసు

అన్నా, చేశాక ఇక్కడ ఒక్క ముక్క రాయండి. మేము ఎదురుచూస్తూ ఉంటాం.

అంబులెన్స్_బావ

నేను 108లో పనిచేస్తున్నాను. 216 జాతీయ రహదారి మీద రాత్రి జరిగే ప్రమాదాల్లో మొదట చేరేది మేమే. మా ఇంట్లో ఎవరూ చనిపోలేదు, నా ప్రాణానికి ఏమీ కాలేదు. అయినా ఒక ప్రమాదంలో పెళ్ళికూతురి జడ గంటలు నా చేతికి చిక్కుకున్న సంగతి ఇప్పటికీ స్నానం చేస్తున్నప్పుడు గుర్తొచ్చి చేతులు రుద్దుకుంటూ ఉండిపోతాను. మాలాంటివాళ్ళకు కూడా ఇది వస్తుందా?

కాకినాడ_పీజీ

వస్తుంది. పనిలో భాగంగా ఇలాంటి దృశ్యాలకు పదేపదే గురయ్యేవారిని 2013 నాటి అమెరికా వర్గీకరణలో స్పష్టంగా చేర్చారు. అంబులెన్స్ సిబ్బంది, అగ్నిమాపక సిబ్బంది, పోలీసులు, నదిలో శవాలు వెతికే ఈతగాళ్ళు అందరూ ఇందులోకి వస్తారు. మీతో డ్యూటీ చేసే పైలట్‌తో (అంబులెన్స్ డ్రైవరుతో) అయినా ఈ మాట పంచుకోండి, వారాల తరబడి ఉంటే చూపించుకోండి.

నగరం_వాసి

2014 జూన్ 27 తెల్లవారుజామున మా నగరం గ్రామంలో గ్యాస్ పైపులైను పేలినప్పుడు మేము కాస్త దూరంలో ఉన్నాం కనుక బతికాం. మా పిన్ని ఇప్పటికీ పొయ్యి వెలిగించే ముందు కిటికీలన్నీ తెరిచి, గుమ్మం బయట నిలబడి, వాసన చూసి, మళ్ళీ లోపలికి వెళ్ళి సిలిండరు నాబ్ తాకి, మళ్ళీ బయటకు వస్తుంది. కాఫీ కలిపేసరికి బారెడు పొద్దెక్కుతుంది. మేము ఇండక్షన్ పొయ్యి కొనిచ్చాం. దానితో ఆమె హాయిగా ఉంది. ఇలా చేయడం మంచిదేనా?

భైరవపాలెం_బిడ్డ

కోనసీమలో గ్యాస్ భయం పాతదే. 1995లో పాశర్లపూడి గ్యాస్ బావి రెండు నెలలకు పైగా మండింది. ఆ వెలుతురుకు రాత్రి కూడా పగటిలా ఉండేదని మా మేనత్త చెబుతుంది.

కాకినాడ_పీజీ

నగరం_వాసి గారూ, ఇండక్షన్ పొయ్యి వల్ల ఆమెకు ఊరట వచ్చింది, అందుకు సంతోషం. చిక్కు ఎక్కడంటే, తప్పించుకోవడం ఆ పూటకు భయాన్ని తగ్గిస్తుంది, కానీ భయం తప్పని తెలుసుకునే అవకాశాన్ని మెదడుకు ఇవ్వదు. మెల్లగా ఆమె చుట్టాల ఇళ్ళకూ, పెళ్ళి వంటల దగ్గరకూ వెళ్ళడం మానేస్తే అప్పుడు జబ్బు మరింత చోటు ఆక్రమించినట్టు. ఈ జబ్బుకు పరీక్షకు నిలిచిన మాటల చికిత్సల్లో ఎక్కువ, ఏదో ఒక రూపంలో, ఆ జ్ఞాపకానికి ఎదురుగా భద్రంగా నిలబడేలా చేసేవే.

ట్రామా (మనసుకు తగిలిన ఆ దెబ్బ) మీద దృష్టి పెట్టే కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ, అంటే ఆలోచననూ నడవడినీ మార్చే మాటల చికిత్స, సాధారణంగా 8 నుంచి 12 సిట్టింగులు ఉంటుంది. ఎడ్నా ఫోవా రూపొందించిన ప్రొలాంగ్డ్ ఎక్స్‌పోజర్‌లో జరిగినదాన్ని నిపుణుల సమక్షంలో మళ్ళీ మళ్ళీ చెప్పిస్తారు, తప్పించుకునే చోట్లకు మెట్టు మెట్టుగా పంపిస్తారు. ఫ్రాన్సిన్ షాపిరో 1987 నుంచి అభివృద్ధి చేసిన ఈఎండీఆర్‌లో జ్ఞాపకాన్ని తలుచుకుంటూ ఉండగా కళ్ళను అటూ ఇటూ కదిలిస్తారు. పంటు ఎక్కలేనివాడిని మొదటి రోజే పంటు ఎక్కించరు. ఒకరోజు రేవు కనిపించే దూరంలో టీకొట్టు దగ్గర కూర్చోవడం, ఇంకోరోజు రేవు మెట్ల దాకా రావడం, అలా సాగుతుంది. ఏ మెట్టు దగ్గర ఎంతసేపు ఉండాలో అతను చెబుతాడు, వైద్యుడు వింటాడు. ఇంట్లోవాళ్ళు బలవంతంగా తీసుకువెళ్ళి నీళ్ళలో దింపడం చికిత్స కాదు, అది రెండోసారి ముంచడమే.

వశిష్ఠ_ఒడ్డు

ప్రమాదం జరిగిన మర్నాడే ఎవరో వచ్చి బతికినవాళ్ళందరినీ ఒకచోట కూర్చోబెట్టి జరిగినదంతా చెప్పించారు. మనసులో ఉన్నది కక్కేస్తే తేలికవుతుందన్నారు. తమ్ముడు ఆ రోజు నుంచే నోరు మూసుకున్నాడు.

కాకినాడ_పీజీ

అలా ఒక్క సిట్టింగులో అందరిచేతా చెప్పించడం ఒకప్పుడు చాలా దేశాల్లో వాడుకలో ఉండేది. పరిశోధనలు చేసి చూస్తే దాని వల్ల పీటీఎస్‌డీ తగ్గలేదు, కొందరికి కీడు కూడా జరిగింది. అందుకే ఇప్పుడు వద్దంటున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో ఇచ్చిన మార్గదర్శకం ప్రకారం మొదటి రోజుల్లో చేయవలసింది భద్రమైన చోటు, పొడి బట్టలు, వేడి అన్నం, అయినవారి జాడ చూడటం, చెప్పాలనుకుంటే వినడం, అవసరమైన సేవలకు చేర్చడం. చెప్పమని ఒత్తిడి చేయకూడదు. రాజు గారు చెప్పిన భోజనం సంగతి ఇక్కడ సరిగ్గా సరిపోతుంది.

నిద్రమాత్రల గురించి కూడా చెప్పాలి. అల్ప్రాజోలం, డయాజిపామ్ వంటివి పీటీఎస్‌డీకి వాడవద్దని మార్గదర్శకాలు చెబుతున్నాయి. అలవాటు పడతారు, జబ్బు తగ్గదు. అయితే చాలాకాలంగా వేసుకుంటున్నవారు ఒక్కసారిగా మానేస్తే ఫిట్స్ రావచ్చు. వైద్యుడి సలహాతో మెల్లగా తగ్గించాలి. మందులు అవసరమైతే సెర్ట్రాలిన్, పారాక్సెటిన్ వంటివి వాడతారు. అవి పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది. అవి మత్తుమందులు కావు. రాజు గారి గురి కుదరకపోయినా ఈ ఒక్క మాట వినాలని కోరుతున్నాను.

కొబ్బరితోట_రాజు

వింటున్నాను. మాటలతో చేసే చికిత్స ముందు, మాత్ర తరువాత అంటే నాకు అభ్యంతరం లేదు.

రాజోలు_టీచరు

మా బడిలో మూడో తరగతి పిల్లవాడి సంగతి. కూలీలను తీసుకువెళ్తున్న ఆటో కాలువలో పడినప్పుడు వాళ్ళమ్మతోపాటు వాడూ అందులో ఉన్నాడు. ఇద్దరూ బతికారు. ఇప్పుడు వాడు జామెట్రీ బాక్సులో రబ్బరు ముక్కలు వరసగా పెట్టి, బల్ల అంచు దాకా తోసి, కింద పడేస్తాడు. ఏరుకుని మళ్ళీ పెడతాడు. విరామం మొత్తం అదే ఆట, ముఖంలో నవ్వు ఉండదు. తోటి టీచరు బాక్సు లాక్కుంటే వాడు బల్ల కింద దూరాడు. నేను ఏం చేయాలి?

కాకినాడ_పీజీ

చిన్నపిల్లలకు జ్ఞాపకం మాటగా కాక ఆటగా వస్తుంది. బాక్సు లాక్కోవద్దు, ఆట ఆపించవద్దు. పక్కన కూర్చుని చూడండి. వాడు ఒప్పుకుంటే కింద పడ్డ రబ్బరు ముక్కలను గట్టు మీదకు లాగే మనుషులెవరైనా ఉన్నారా అని అడగండి. వాళ్ళమ్మను కలవండి, ఎందుకంటే ఆమెకు కూడా సాయం అవసరమై ఉండవచ్చు. తల్లి బెదురుతూ ఉంటే పిల్లవాడు కుదుటపడటం కష్టం. పిల్లల విషయంలో తల్లినో తండ్రినో కలుపుకుని చేసే థెరపీ బాగా పనిచేస్తుంది, మందులు మొదట వాడరు.

భైరవపాలెం_బిడ్డ

పీజీ గారూ, మా అమ్మది పీటీఎస్‌డీయేనా? ఆమె పోయి నాలుగేళ్ళయింది, ఇప్పుడు తెలిసి చేసేదేమీ లేదు. అయినా తెలుసుకోవాలని ఉంది.

కాకినాడ_పీజీ

గాలి హోరుకు మిమ్మల్ని లేపి కట్టుకోవడంలో ఆ లక్షణం ఉంది. అన్నం అట్టిపెట్టడం మాత్రం వేరు. మనిషి ఉన్నాడో లేడో తేలని లోటు గురించి పాలీన్ బాస్ అనే అమెరికా పరిశోధకురాలు దశాబ్దాలపాటు పనిచేశారు. శవం కనిపించకపోతే కర్మ జరగదు, ఊరు ఓదార్చదు, ఆశ చావదు. ఏడేళ్ళపాటు కబురు లేకపోతే చనిపోయినట్టు భావించవచ్చని మన సాక్ష్య చట్టం చెబుతుంది, మనసుకు అలాంటి గడువు లేదు. మీ అమ్మగారు పిచ్చివారు కారు. భర్త పోయాడని అనుకోవడానికి ఆమె మనసు ఒప్పుకోలేదు, పిల్లలను మాత్రం పోగొట్టుకోకుండా నడుముకు కట్టుకుంది.

భైరవపాలెం_బిడ్డ

ఈ పోస్టును మా అన్నలిద్దరికీ పంపించాను.

వశిష్ఠ_ఒడ్డు

ఒక కబురు. నిన్న రాత్రి తమ్ముడితో జబ్బు మాట ఎత్తకుండా నిద్ర మాట మాత్రమే ఎత్తాను. నిద్ర పట్టే దారి ఉంటే వస్తాను అన్నాడు. జిల్లా ఆసుపత్రిలో మనోవైద్యుడు ఉండే రోజు కనుక్కుని, వాడికి ఇష్టమైనట్టు వంతెనల మీదుగానే తీసుకువెళ్తాను. బాబాయిని కూడా కూర్చోబెట్టి ఇక్కడి పోస్టులు చదివించాను. ఏమీ అనలేదు కానీ ఈ రోజు వాడి బదులు తనే చెరువు కాపలాకు వెళ్ళాడు.

ఇంకొక చిక్కు మిగిలింది. బోటు యజమాని దగ్గర తీసుకున్న అడ్వాన్సు ఇంకా తీరలేదు. ఈ సీజనుకైనా వేటకు రాకపోతే ఎలా అని కబురు పెడుతున్నారు. పీజీ గారూ, వైద్యం ఖర్చుకు మా ఆరోగ్య బీమా పనికివస్తుందా?

కాకినాడ_పీజీ

శారీరక జబ్బులకు ఇచ్చినట్టే మానసిక జబ్బులకూ బీమా ఇవ్వాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 21వ సెక్షన్ చెబుతుంది. ప్రభుత్వ ఆసుపత్రిలో అయితే ఓపీకి పెద్ద ఖర్చు ఉండదు. చాలా పాలసీలు ఆసుపత్రిలో చేరితేనే డబ్బు ఇస్తాయి కనుక మీ పాలసీ ఒకసారి చదివించండి. వంతెన మీదుగా వెళ్ళడం ఓడిపోవడం కాదు, మొదటిసారి ఆసుపత్రి గుమ్మం దాటడమే ముఖ్యం. నిద్రమాత్రల పట్టీ కూడా వెంట తీసుకువెళ్ళండి, ఎంతకాలంగా వేసుకుంటున్నాడో వైద్యుడికి తెలియాలి.

సరంగు_అంతర్వేది

అమ్మాయీ, నాకు రెండు బోట్లున్నాయి, ఆ యజమాని నాకు తెలిసినవాడే అయి ఉంటాడు. మొగలో బోటు తిరగబడ్డాక కళాసీలు వేటకు రాకపోవడం మేము చూడనిది కాదు, దాన్ని బద్ధకం కింద కట్టేవాళ్ళం, అంతే. ఒడ్డున వల బాగుచేసే పని, ఐసు లెక్క, డీజిలు లెక్క ఎప్పుడూ ఉంటాయి. కూలి తక్కువే, కానీ అడ్వాన్సులో కొంత కొంతగా పట్టుకోవచ్చు. ఐసు లెక్క రేవుకు దూరంగా షెడ్డులో చేసేది, అక్కడి నుంచి నీళ్ళు కనబడవు. వైద్యుడు సరేనన్నాక మీ తమ్ముడిని నా దగ్గరకు పంపండి. యజమానితో నేను మాట్లాడతాను.

రొయ్యల_చెరువు

14416కు చేశాను. మాట్లాడిన అమ్మాయి తొందరపెట్టకుండా విన్నది. గురువారం భీమవరంలో వైద్యుడిని కలుస్తున్నాను, మా ఆవిడ కూడా వస్తోంది.